ఊరుకో అన్న మాట

ఒంగోలు
16 ఆగస్టు 1987

ప్రియమైన మీకు,

ప్రభువు పేరిట రాహేలు వందనాలు. నేను క్షేమం. మీరూ, మామయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ కార్డు అందింది. నాలుగు వాక్యాలు రాశారు. అందులో రెండు వాన గురించి. అయినా మూడుసార్లు చదువుకున్నాను. మా వీధికి ఉత్తరాలు తెచ్చే పీరు నాకు ఉత్తరం లేని రోజున కూడా సైకిలు ఆపి, "ఇవాళ లేదమ్మా" అని చెప్పి వెళ్తాడు. కొన్ని రోజులు వార్డు బయట నాతో మాట్లాడిన మనిషి అతనొక్కడే.

ఈ నెల నన్ను క్షయ వార్డుకి వేశారు. పెళ్ళికి ముందు నేర్చుకున్న నర్సు పని ఏడేళ్ళు వదిలేసినా చేతులు మరిచిపోలేదు. గది అద్దెకిచ్చిన జానీబీ గారు నెమ్మదైన మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. ఆమె గదికీ నా గదికీ మధ్య ఒకటే గోడ. ఆమె నమాజుకి లేచే అలికిడికే నాకూ మెలకువ వస్తుంది.

ఇమ్ము పోయి అక్టోబరు తొమ్మిదికి ఏడాది. ఆరేళ్ళ పిల్లాడు మూడు రోజుల మెదడువాపు జ్వరంతో పోతుంటే నర్సు చదివిన తల్లి ఏం చేసింది అని ఇక్కడ నన్నెవరూ అడగరు. మన ఊళ్ళోనూ నోటితో అడగలేదు గానీ కళ్ళతో అడిగేవారు. జనవరిలో నేను ఉద్యోగానికి బయలుదేరితే మీరు ఎందుకని అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఒక సంగతి మీకు చెప్పాలి. ఆదివారాలు పెద్ద గుడికి వెళ్తూనే ఉన్నాను. పుస్తకంలో ఎన్నో కీర్తనో చూసి తీస్తాను, గొంతు రాదు. నాతో పనిచేసే సంతోషమ్మ పొగాకు గోడౌన్ల వెనక రేకుల షెడ్డులో గురువారం సాయంత్రాలు జరిగే ప్రార్థనకి రమ్మంది. దైవదీనం అనే ఆయన నడుపుతారు. అక్కడ ఆరాధన క్రమం లేదు, పుస్తకం లేదు. కంజిర వాయిస్తారు. ఆడవాళ్ళు లేచి చేతులెత్తి పాడతారు, చప్పట్లు కొడతారు, ఏడుపొస్తే ఏడుస్తారు. రెండు వారాలు నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను, పాస్టరు భార్యని కదా. మూడో వారం పాట మధ్యలో నా చేతులు నాకు తెలియకుండానే లేచాయి. కడుపులోంచి ఒక కేక వచ్చింది. అది ఇమ్ము పేరు. చాలాసేపు ఏడ్చాను. పక్కనున్న ముసలమ్మ నా వీపు మీద చెయ్యేసి తన పాట తాను పాడుకుంది. ఎవరూ నన్ను ఊరుకోమనలేదు.

ఇది తప్పా? పాస్టరుగా చెప్పమని అడగడం లేదు. ఇమ్ము నాన్నగా చెప్పండి.

మీ
రాహేలు

*

ప్రత్తిపాడు మీదుగా
27 ఆగస్టు 1987

ప్రియమైన రాహేలుకు,

శుభములు. నీ ఉత్తరం చేరింది. ఇక్కడ అందరం క్షేమం. నాన్న మోకాళ్ళ నొప్పి యథాప్రకారం. పత్తి మొలక బాగా వచ్చిందని ఊళ్ళో రైతులు సంతోషంగా ఉన్నారు. మిరప నారు పోస్తున్నారు. మన పల్లె ఆడవాళ్ళకు కలుపు పని దొరుకుతోంది.

నీవు అడిగిన దానికి ఆలోచించి రాస్తున్నాను. ఆత్మ పేరు చెప్పుకుని వచ్చే ప్రతిదాన్నీ నమ్మవద్దని, పరీక్షించమని వాక్యం మనకు చెబుతోంది. ఒంట్లో వణుకు పుట్టడం, కన్నీళ్ళు రావడం దేవుని పనికి గుర్తులు కావు. సినిమా చూసినా కన్నీళ్ళు వస్తాయి. కంజిర మోగితే కాలు ఆడుతుంది. అది భక్తి అనుకోవడం పొరపాటు. మన పెద్దలు జాతరలూ, పూనకాలూ విడిచి క్రమం గల ఆరాధనకు వచ్చారు. విడిచిన దానిని వేరే పేరుతో మళ్ళీ తలకెత్తుకోవడం నాకు మంచిదిగా తోచదు. ఆ బోధకుడు ఎవరో, ఏ సంఘం వాడో, ఎలా బతుకుతున్నాడో కనుక్కున్నావా? చెట్టు మంచిదో కాదో పండును బట్టి తెలుస్తుంది. పండు కాసేదాకా ఆగే ఓపిక ఉండాలి.

నీవు ఏడ్చినందుకు నేను తప్పు పట్టడం లేదు. అయితే పదిమందిలో అవసరమా అని మాత్రం అడుగుతున్నాను.

ఇమ్ము నాన్నగా చెప్పమన్నావు. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఆరోగ్యం జాగ్రత్త. క్షయ వార్డులో మూతికి గుడ్డ కట్టుకుంటున్నావని తలుస్తాను.

ఇట్లు
నతానియేలు

*

ఒంగోలు
4 అక్టోబరు 1987

ప్రియమైన మీకు,

వందనాలు. మీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. కోపం వచ్చింది. కోపం తగ్గాక రాద్దామనుకుంటే ఇంతలో మరొకటి జరిగింది. నాలుగు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు.

మొన్న గురువారం ప్రార్థనలో దైవదీనం గారు మధ్యలో పాట ఆపించారు. ఆడవాళ్ళ వరసల్లోకి నడిచి వచ్చి నా ముందు నిలబడ్డారు. కళ్ళు మూసుకున్నారు. "అమ్మా, మీ ఇంటి గోడకి ఒక తోలు వేలాడుతోంది. దేవతల ముందు మోగిన తోలు. అది ఇంట్లో ఉన్నందుకే నీ బిడ్డ పోయాడు" అన్నారు. అందరూ నా చుట్టూ చేరి బిగ్గరగా ప్రార్థన చేశారు. అది కాల్చేదాకా నా గర్భం మళ్ళీ పండదనీ, మన ఇంటి మీద నీడ పోదనీ ఆయన చెప్పారు. ఈ ఏడు పత్తికి తెల్లదోమ పట్టడం కూడా ఇలాంటి ఇళ్ళ మూలానేనన్నారు.

మామయ్యగారి దప్పు సంగతి ఆయనకెలా తెలిసింది? అది ఆయన గుడిసెలో వాసానికి వేలాడుతూ ఉంటుందని ఒంగోల్లో ఎవరికి తెలుసు? మామయ్యగారు బాప్తిస్మం తీసుకుని ముప్ఫై ఏళ్ళయినా దాన్ని పారేయలేదని మీరే ఎన్నోసార్లు బాధపడ్డారు. ఇమ్ముని సమాధుల దొడ్డికి తీసుకెళ్ళిన రోజు ఆయన దాన్ని భుజాన వేసుకుని వస్తే, "అమ్మోరి జాతరల్లో మోగింది ఇక్కడికి రాకూడదు" అని మీరు గేటు దగ్గరే ఆపేశారు. ఆయన గోడ బయట నిలబడిపోయారు. మట్టి వేసేటప్పుడు కూడా లోపలికి రాలేదు. అంటే మీకు అప్పుడే తెలుసన్నమాట.

శుక్రవారంతో ఏడాది నిండుతుంది. ఆ లోపల దాన్ని కాల్చేయండి. నా మాట కోసం కాకపోతే బిడ్డ కోసం. నాకు వేరే దారి కనబడడం లేదు. ఇన్నాళ్ళూ నా వైద్యంలో తప్పు జరిగిందా అని కుమిలాను. కారణం బయట ఉందంటే, నిజం చెబుతున్నాను, కాస్త ఊపిరి ఆడినట్టుంది.

మీ
రాహేలు

*

ప్రత్తిపాడు మీదుగా
13 అక్టోబరు 1987

ప్రియమైన రాహేలూ,

నీ ఉత్తరం ఎనిమిదో తారీకు చేరింది. అది జేబులో పెట్టుకుని సాయంత్రం నాన్న గుడిసెకి వెళ్ళాను. దప్పు తెచ్చి కాల్చేయాలనే వెళ్ళాను. ఇది నీ దగ్గర దాచను. ఆ బోధకుడి మాట మీద నాకు నమ్మకం లేకపోయినా, ఆ దప్పు పోతుందంటే మనసులో ఒక మూల నాకు సంతోషంగానే ఉంది.

నాన్న అన్నం తింటున్నాడు. సంగతి చెప్పాను. నీ ఉత్తరం చదివి వినిపించాను. చివరిదాకా విని చెయ్యి కడుక్కున్నాడు. లేచి వాసానికున్న దప్పు తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"నీ కొడుకు రోజూ బడయ్యాక నా ఒళ్ళో కూకుని దీన్ని కొట్టేవోడు" అన్నాడు. "ఆదివారం బళ్ళో నేర్చిన పాట పాడుకుంటా కొట్టేవోడు. నువ్వు తిడతావని నీకు చెప్పలా. కాలుస్తానంటే కాల్చు. తోలుకేం తెలుసురా ఏ దేవుడి కాడ మోగుతున్నానో. కొట్టేవోడికి తెలవాల."

రాహేలూ, వాడు దప్పు వాయించేవాడని నీకు తెలుసా? నాకు తెలియదు. ఏడాదిగా వాడి గురించి నాకు తెలిసినవన్నీ ఒకటొకటిగా తలుచుకుని అరగదీశాను. నాకు తెలియనిది ఇంకొకటి ఈ లోకంలో మిగిలి ఉందని ఆ పూటే తెలిసింది. వాడు ఏ పాట పాడేవాడో నాన్నని అడగాలనుకున్నాను. అడగలేక దప్పు అక్కడే చాప మీద పెట్టి వచ్చేశాను.

అప్పటినుంచీ ఒకే ఆలోచన. ఆ బోధకుడికీ నాకూ దేనిలోనూ పొత్తు లేదు. ఆయన పుస్తకం తెరవడు, నేను పుస్తకం మూయను. కానీ ఇద్దరం కలిసి ఒకే ముసలాయన మీద నేరం మోపాం. అది నన్ను భయపెట్టింది. నేను ఇంతకాలం పరీక్షించింది చప్పట్లనీ, కంజిరనీ. నన్ను నేను ఎప్పుడూ పరీక్షించుకోలేదు.

నువ్వు నర్సువి. నీకు తెలిసిన సంగతే చెబుతున్నాను. అది దోమ కాటుతో వచ్చిన జ్వరం. ఆ నెలలో మన చుట్టుపక్కల ఊళ్ళలో ఏడుగురు పిల్లలు దానితోనే పోయారు. మిగిలిన ఆరుగురి ఇళ్ళలో దప్పు లేదు. నీ వైద్యంలో తప్పూ లేదు. ఈ మాట ఏడాది కిందటే నీకు చెప్పి ఉండాల్సింది.

ఇంకొకటి. దప్పు ఉన్న సంగతి ఆయనకు పరలోకం నుంచే తెలియనక్కరలేదు. నువ్వు ఎవరితోనైనా చెప్పుకున్నావా? జ్ఞాపకం తెచ్చుకో. కోపంతో కాదు, నెమ్మదిగా కనుక్కో.

తొమ్మిదో తారీకు ఒక్కణ్ణే సమాధి దగ్గరికి వెళ్ళాను. గడ్డి పీకి శుభ్రం చేశాను. ప్రార్థన చేయబోతే నోటికి ఆరాధన పుస్తకంలోని వాక్యాలే వచ్చాయి. మధ్యలో ఆపి ఇంటికి వచ్చాను.

నీ
నతానియేలు

*

ఒంగోలు
20 డిసెంబరు 1987

ప్రియమైన మీకు,

వందనాలు. రెండు నెలల తరవాత రాస్తున్నాను. మీ తరవాతి రెండు కార్డులకి జవాబివ్వలేదు. రాయడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇప్పుడు అంతా చెబుతాను.

మీరన్నట్టే నెమ్మదిగా కనుక్కున్నాను. సెప్టెంబరులో ఒకరోజు డ్యూటీ అయ్యాక సంతోషమ్మతో మనసు విప్పి మాట్లాడాను. మామయ్యగారిని గేటు దగ్గర ఆపిన సంగతి అప్పుడే చెప్పి ఏడ్చాను. "దైవదీనం అన్నగారితో ఏమైనా అన్నావా?" అని నవంబరు మొదట్లో అడిగాను. ఆమె దాచలేదు. "నీ కోసం ప్రార్థన చేయమని అన్నీ చెప్పానమ్మా. అలా చెప్పడం మాకు అలవాటే" అంది. ఆమెకి తప్పనిపించలేదు. ఆమె నన్ను మోసం చేయాలనుకోలేదు కూడా. నా ఏడుపుని ఒకచోట తీసుకుని మరోచోట ప్రవచనంగా నాకే తిరిగి ఇచ్చారు.

అయినా వెంటనే మానలేదు. ఆ గురువారాలు లేకపోతే నాకు ఇంకేం ఉంది? తెలిసి తెలిసి మూడు వారాలు వెళ్ళాను. చేతులెత్తేదాన్ని, కళ్ళు మాత్రం తెరిచి ఉంచేదాన్ని.

మా వార్డులో సుబ్బరావమ్మ అని ఒకావిడ వేసవిలో ఉండి, మందులు రాయించుకుని ఇంటికి వెళ్ళింది. పొగాకు గ్రేడింగు పనికి వెళ్ళే మనిషి. నేనే ఆ షెడ్డుకి రమ్మన్నాను. నేనే. నవంబరు చివర ఆమెను మంచం మీద మోసుకొచ్చారు. నోటి నిండా నెత్తురు. బిళ్ళలు ఏం చేశావంటే, విశ్వాసం ఉన్నవాళ్ళకి మందులెందుకని ప్రార్థనలో చెబితే కాలవలో పారేశానంది. "నువ్వు అక్కడే ఉన్నావుగా అమ్మా, పాడుతున్నావుగా" అంది. ఆ మాటతో నా కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. ఆమె బతికింది. మళ్ళీ మొదటినుంచీ మందులు వాడాలి.

ఆ గురువారం పాటయ్యాక నేను లేచి నిలబడ్డాను. సుబ్బరావమ్మ సంగతి చెప్పి, "ఎవరైనా మందులు మానేసి ఉంటే రేపే ఆస్పత్రికి రండి, నేను వార్డులో ఉంటాను. దేవుడు నయం చేస్తాడు, బిళ్ళలు మింగినా చేస్తాడు" అన్నాను. దైవదీనం గారు కేకలు వేయలేదు. చాలా జాలిగా చూసి, "కాల్చమన్నది కాల్చలేదు గనక అది ఈమె నోట మాట్లాడుతోంది" అన్నారు. నా వీపు మీద చెయ్యేసి పాడుకున్న ముసలమ్మ నన్ను చూసి పక్కకి జరిగింది. బయటికి వచ్చేశాను. సంతోషమ్మ ఇప్పుడు వార్డులో నాతో పని మాట తప్ప మాట్లాడదు. మర్నాడు నలుగురు మాత్రం వచ్చి మందులు తీసుకెళ్ళారు.

ఇక నాకు గురువారం లేదు. ఆదివారం గుడిలో గొంతు ఇంకా రాదు. గదిలో తలుపేసుకుని నేనొక్కదాన్నే పాడుకుంటాను, చేతులెత్తుతాను. ఏడుపొస్తే పైకే ఏడుస్తాను. గోడ అవతల జానీబీ గారికి వినబడుతుందని ఒకరోజు క్షమించమని అడిగాను. "దేవుడికి చెవుడు లేదమ్మా. అయినా మనకి నోరిచ్చాడుగా" అంది. ఆ షెడ్డు పోయింది గానీ అక్కడ నేను ఏడ్చిన మొదటి ఏడుపు అబద్ధం కాదు. దాన్ని నేను దేవుడి ముందే ఏడ్చాను. ఆయన విన్నాడు. ఆ నమ్మకం దైవదీనం గారు ఇచ్చింది కాదు గనక ఆయన తీసుకుపోలేరు.

ఇప్పుడు అసలు మాట. ఇన్నాళ్ళూ రాయలేనిది.

ఇమ్ముని దింపేటప్పుడు నేను వాడి పేరు పెట్టి అరిచాను. మీరు ఆరాధన పుస్తకం పట్టుకుని నా పక్కనే ఉన్నారు. నా చెవి దగ్గర వంగి, "ఊరుకో. అందరూ చూస్తున్నారు" అన్నారు. తరవాత ఒక్క అక్షరం తడబడకుండా చివరిదాకా చదివారు. నేను ఊరుకున్నాను. ఇంటికొచ్చి మూడు నెలలు ఊరుకునే ఉన్నాను. ఆ ఊరుకోవడం భరించలేకే ఒంగోలు వచ్చాను.

దైవదీనం గారు ఎలాంటి మనిషో నాలుగు నెలల్లో తెలుసుకోగలిగాను. మీరు ఎలాంటి మనిషో పద్నాలుగు నెలలుగా తెలియడం లేదు. ఆ మాట అన్నది భక్తా, భయమా, నామోషీనా? వాడి మీద మీకు ప్రేమ లేదని నేను అనుకోలేను. ఉందని అనుకోవడానికి ఆ రోజు నాకు ఒక్క ఆధారం కూడా ఇవ్వలేదు.

క్రిస్మసుకి రాలేను. సెలవు లేక కాదు.

రాహేలు

*

ప్రత్తిపాడు మీదుగా
6 మార్చి 1988

ప్రియమైన రాహేలూ,

నీ ఉత్తరానికి ఐదుసార్లు జవాబు రాసి చించేశాను. అన్నిట్లోనూ నేను పాస్టరుగానే మాట్లాడాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

పత్తి సంగతి నువ్వు వినే ఉంటావు. తెల్లదోమ ఆకు అడుగునంతా పట్టి చేలు నల్లబడ్డాయి. రైతులు ఒక మందు మీద ఇంకో మందు కొట్టించారు. మన పల్లె కుర్రాళ్ళు వీపున డబ్బా, మూతికి తువ్వాలు కట్టుకుని పొద్దుటి నుంచీ చేలల్లోనే. మార్తమ్మ కొడుకు ఏలియా నీకు తెలుసు, మన గుళ్ళో గంట కొట్టేవాడు. పంతొమ్మిదేళ్ళు. జనవరి నెలాఖరున పన్నెండు రోజులు వరసగా మందు కొట్టి బుల్లయ్య గారి చేలో సాలు మధ్యన పడిపోయాడు. గుంటూరు తీసుకెళ్తుండగా బండిలోనే పోయాడు. బుల్లయ్య గారే వాణ్ణి చేతుల మీద గుడి ముందుకి మోసుకొచ్చి, ఒక పక్కన కూలబడ్డారు.

మర్నాడు ఉదయం ఆరాధన క్రమం మొదలుపెట్టాను. మార్తమ్మ శవం మీద పడి ఏడుస్తోంది. వాణ్ణి పిలుస్తోంది, తిడుతోంది, దేవుణ్ణి అడుగుతోంది. నా గొంతు ఎవరికీ వినబడడం లేదు. సంఘపెద్ద జీవరత్నం గారు నా పక్కకి వచ్చి మెల్లగా, "అయ్యగారూ, ఆమెను ఊరుకోమనండి. ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చారు, చూస్తున్నారు" అన్నారు.

నేను ఆమె దగ్గర వంగాను. నోరు తెరిచాను. మాట రాలేదు. మార్తమ్మ తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు ఆమెది కాదు, నీది. దాదాపు పదహారు నెలలు ఆలస్యంగా నా దగ్గరికి వచ్చింది.

పుస్తకం మూసి అరుగు మీద పెట్టాను. గుడి గోడ బయట నాన్న నిలబడి ఉన్నాడు. ఇమ్ముని దింపిన రోజు తరవాత ఏ సమాధి కార్యానికీ ఆయన లోపలికి రాలేదు. వెళ్ళి, "నాన్నా, దప్పు తీసుకురా" అన్నాను. "ఎవరికి?" అన్నాడు. "ఏలియాకి" అన్నాను. ఆయన కదల్లేదు. "ఇమ్ముకి కూడా" అన్నాను. అప్పుడు వెళ్ళాడు.

గడ్డి మంట వేసి తోలు కాచుకున్నాడు. నెమ్మదిగా మొదలుపెట్టాడు. జాతర దరువు కాదు, నేనెప్పుడూ వినని నడక. మార్తమ్మ ఏడుపు ఆ దెబ్బ మీదికి ఎక్కింది. మిగతా ఆడవాళ్ళు అందుకున్నారు. కాసేపటికి ఎవరో పునరుత్థానం కీర్తన ఎత్తుకున్నారు. మనం ఇన్నేళ్ళు పాడిన కీర్తనే. దప్పు దాన్ని కూడా మోసింది. నేను మట్టిలో కూర్చున్నాను. ఇమ్ము అని పిలిచాను. రాహేలూ, అందరూ చూస్తుండగానే ఏడ్చాను. ఎంతసేపో నాకు తెలియదు. ఏలియా సమాధి దగ్గర ఆరాధన క్రమంలో ఒక్క వాక్యమే చదివాను, అది నమ్మి చదివాను.

అది ఆత్మా, ఒట్టి దుఃఖమా అని తరవాత పరీక్షించుకున్నాను. నీకు చెప్పిన కొలతే నాకూ. మార్తమ్మ మర్నాడు గంజి తాగింది. పల్లెలో ఆడవాళ్ళు వంతులేసుకుని ఆమెకి తోడు పడుకుంటున్నారు. రక్షణ లేకుండా మందు కొట్టబోమని కుర్రాళ్ళు ఒక్క మాట మీద నిలబడ్డారు. బుల్లయ్య గారు నాలుగు రోజులు పొద్దస్తమానం ఆ చేలోనే కూర్చుంటే, ఆయన ఇంటివాళ్ళు భయపడి నాన్నని పిలిచారు. నాన్న వెళ్ళి ఆ చేలో ఆయన పక్కన సాయంత్రందాకా కూర్చుని వచ్చాడు. నేను మళ్ళీ ప్రార్థన చేయగలుగుతున్నాను. పుస్తకం లేకుండా, తడబడుతూ.

జీవరత్నం గారూ, మరో ముగ్గురూ సంతకాలు పెట్టి పైకి ఫిర్యాదు రాశారు. వాళ్ళను తప్పుపట్టను. ఆ క్రమం వాళ్ళకి నేర్పింది నేనే. విచారణ అయ్యేదాకా ఆరాధన నడపవద్దని నాకు కాగితం వచ్చింది. ఈ ఊరే ఉంటుందో, వేరే ఊరు పంపుతారో తెలియదు.

ఇక నువ్వడిగినది. భక్తా, భయమా, నామోషీనా అన్నావు. నీ ఏడుపుకి నేను సిగ్గుపడ్డానని ఇంతకాలం అనుకుని ఉంటావు. అది కాదు. ఆ క్షణం నేను దేవుణ్ణి తిట్టడానికి నోరు తెరవబోతున్నాను. అంత మందిలో, చేతిలో పుస్తకం ఉండగా. నీ కేక ఇంకొక్కసారి వింటే ఆపుకోలేకపోయేవాణ్ణి. నా నోరు మూసుకోవడానికి నీ నోరు మూశాను. తడబడకుండా చదివానన్నావు. ఏం చదివానో నాకు ఇవాళ్టికీ గుర్తు లేదు.

నీ పేరుగల తల్లి గురించి వాక్యంలో ఉంది కదా. పిల్లల కోసం ఏడుస్తూ ఓదార్పు వద్దంది. దేవుడు ఆమెను ఊరుకోమనలేదు. ఇన్నేళ్ళు దాన్ని బోధించాను, నీ మొహం చూస్తూ ఆ మాట ఎన్నడూ చదవలేదు.

నన్ను క్షమించమని అడుగుతున్నాను. తిరిగి రమ్మని అడగడం లేదు. ఆ హక్కు నాకు లేదు.

నీ
నతానియేలు

*

ఒంగోలు
14 మార్చి 1988

ప్రియమైన మీకు,

వందనాలు. మీ ఉత్తరం గురువారం అందింది. మీకు తెలియని సంగతి చెబుతున్నాను. శుక్రవారం నేను ఊరొచ్చాను.

మొదటి బస్సెక్కి, రెండు బస్సులు మారి, పదకొండు గంటలకి పల్లెలో దిగాను. మీరు విచారణకి గుంటూరు వెళ్ళారని మామయ్యగారు చెప్పారు. సాయంత్రానికి వచ్చేస్తాడు, ఉండమన్నారు. నేను ఉండలేదు. "మామయ్యగారూ, ఆ రోజు మీరు వాయించాలనుకున్నది ఇవాళ వాయిస్తారా?" అని అడిగాను. ఆయన లేచి దప్పు తీసుకుని ముందు నడిచారు. సమాధుల దొడ్డి గేటు దగ్గర ఒక్క క్షణం ఆగారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను.

ఆయన వాయించారు. ఇమ్ము పాడే పాట ఏదో కూడా ఆయనే పాడి వినిపించారు. సగం మాటలు తప్పు, వాడు తప్పు పాడినట్టే ఆయనా పాడారు. నేను ఆ మట్టి మీద పడి కరువుతీరా ఏడ్చాను. ఆ రోజు మధ్యలో ఆగిపోయిన కేకని అక్కడినుంచే అందుకున్నాను. తరవాత లేచి చేతులెత్తి నిలబడ్డాను. పాడాను కూడా. గొంతు బొంగురుగా వచ్చింది గానీ వచ్చింది. మిరప చేలల్లో కాయలు కోసే ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. మూడున్నర బస్సుకి తిరిగి వచ్చేశాను. మీకు చెప్పవద్దని మామయ్యగారి దగ్గర మాట తీసుకున్నాను. ఆయన చెప్పి ఉండరు.

మీ కోసం ఎందుకు ఆగలేదని బాధపడకండి. మీరు అక్కడ ఉంటే మిమ్మల్ని క్షమించే పనిలో పడి నా బిడ్డ కోసం ఏడవడం మరిచిపోయేదాన్ని. ముందు అది కావాలి. అది అయింది.

క్షమించానని రాయడం తేలిక. ఇంకా పూర్తిగా రాలేదు. మొన్న బస్సులో వస్తుంటే కొంత వచ్చింది. మీరు దేవుణ్ణి తిట్టబోయారని చదివినప్పుడు, ఆ రోజు నా పక్కన నిలబడింది మనిషేనని మొదటిసారి తెలిసింది. నేను ఒక్కదాన్నే అనుకున్నాను. ఇద్దరం ఒకే గోతి అంచున, చెరో వైపు చూస్తూ నిలబడ్డామన్నమాట.

వచ్చే ఆదివారం మీకు ఆరాధన నడిపే పని లేదు. ఒంగోలు రండి. ఇక్కడి గుళ్ళో మీరు ఎవరో ఎవరికీ తెలియదు. పాడాలని లేదు, చేతులెత్తాలని లేదు. మీకు ఎలా వస్తే అలా ఉండండి. ఆ తరవాత ఏమిటని నన్ను అడగవద్దు. నాకూ తెలియదు.

తొమ్మిదింటి బస్సుకి స్టాండులో నిలబడి ఉంటాను. దిగగానే ఏమీ చెప్పకండి. కాసేపు నా పక్కన నడవండి.

మీ
రాహేలు